మంచివాడి ఇల్లు

మా వీధి మొదట్లో నిలబడి, లిఫ్టు నడిపే ఆయన ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మంచాయన ఇల్లెక్కడ అంటే చెయ్యి పట్టుకుని మా గుమ్మం దాకా తీసుకొస్తారు. నాన్న పెద్దాసుపత్రిలో లిఫ్టు ఆపరేటరు. రోగుల్ని పైకీ కిందకీ చేర్చడంతో ఆయన పని అయిపోయేది కాదు. మంచం దొరకనివాళ్ళకి మంచం ఇప్పించేవాడు, రక్తం దొరకనివాళ్ళకి తన రక్తమే ఇచ్చేవాడు, శవాన్ని ఇంటికి చేర్చుకోలేక ఏడ్చేవాళ్ళకి బండి మాట్లాడిపెట్టేవాడు. నాన్న గురించి ఎవరైనా రెండు ముక్కలు మంచిగా చెబితే అమ్మ ముఖం వెలిగేది. మంచాయన భార్య అనిపించుకోవడంలో ఆవిడకున్న గర్వం ఒంటినిండా నగలున్నవాళ్ళకి కూడా ఉండదు.

ఆ వేసవిలో, ఎండలు ఇంకా ముదరకముందే, ఒక మధ్యాహ్నం నాన్న ఆటోలో ఒక మనిషిని తీసుకొచ్చాడు. నాన్నా ఆటో డ్రైవరూ చెరో పక్క పట్టుకుని దింపారు. భారీ మనిషి. కుడి కాలూ కుడి చెయ్యీ తనవి కానట్టు వేలాడుతున్నాయి. పక్షవాతం. డాక్టర్లు చేయగలిగింది చేసి ఇక తీసుకెళ్ళిపొమ్మన్నారనీ, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదనీ, అప్పట్నుంచీ వరండాలోనే పడి ఉన్నాడనీ నాన్న చెప్పాడు.

"లిఫ్టు తలుపు తీసినప్పుడల్లా ఎదురుగా ఈయనే. ఎన్నాళ్ళని చూసి ఊరుకోను?" అన్నాడు అమ్మతో.

అమ్మ లోపలికెళ్ళి నా మంచం మీద దుప్పటి మార్చింది. వీధి వీధంతా వచ్చి చూసింది. పక్కింటి టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, ఈ రోజుల్లో కూడా ఇలాంటి మనుషులున్నారా అంది. నాన్న సిగ్గుపడుతూ నవ్వి, చొక్కా మార్చుకుని మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. మంచం మీది మనిషి పక్క తడిపేశాడన్న సంగతి నాన్న వెళ్ళాక మాకు తెలిసింది.

పనంతా మా ఇద్దరి మీదే పడింది. పొద్దున్నే నీళ్ళు కాచి ఒళ్ళు తుడవాలి. నేను భుజాలు ఎత్తి పట్టుకుంటే అమ్మ కింద గుడ్డ లాగి ఇంకోటి పరిచేది. వీపుకి పుళ్ళు పడకుండా అటూ ఇటూ తిప్పుతుండాలి. ముద్ద ఎడమ బుగ్గలోకే పెట్టాలి, కుడివైపు పెడితే కారిపోతుంది. గుడ్డలు ఉతికి ఆరేసి వచ్చేసరికి మళ్ళీ తడిసినవి తయారు. పెరట్లో తీగ మీద మా బట్టలకి చోటే లేకుండా పోయింది. ఎండలు ముదిరేకొద్దీ ముందుగది గోడలకి వాసన పట్టింది. ఫినాయిలు పోసి కడిగినా ఒక గంట ఆగి మళ్ళీ వచ్చేది, అలిగి వెళ్ళిన చుట్టంలా.

నేను ఆ నెలలోనే ఆసుపత్రి ఎదుట ఉన్న మందుల షాపులో చేరాల్సింది. నా మొదటి ఉద్యోగం. అంత మనిషిని అమ్మ ఒక్కతే ఎత్తలేదు కనుక కొన్నాళ్ళు ఆగమని నాన్న షాపతనికి చెప్పొచ్చాడు. నాన్న మీద గౌరవంతో అతను ఆగాడు. ఆగి ఆగి చివరికి తన మరదల్ని పెట్టుకున్నాడు. ఉద్యోగాలదేముంది, ఇవాళ కాకపోతే రేపు వస్తాయి, ఒక మనిషికి సేవ చేసే అవకాశం అందరికీ రాదు అన్నాడు నాన్న. ఆయన నిజంగా అలాగే అనుకున్నాడు. నాకు మండింది అందుకే. ఊరికే పైపైన అంటున్నాడని తెలిస్తే పోట్లాడేదాన్ని.

నాన్నకి మొదలుపెట్టడం వచ్చు. ఎవరైనా కింద పడితే అందరికంటే ముందు ఆయన చెయ్యే చాస్తాడు, అందులో కపటం ఏమీ లేదు. పడ్డవాడు లేవడానికి నెలలు పట్టేట్టయితే మాత్రం ఆ నెలలు ఇంకెవరి నెత్తి మీదో పడతాయి. డ్యూటీ నుంచి రాగానే మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆ మనిషి నుదుటి మీద చెయ్యి పెట్టి, ఎలా ఉన్నారు గురూగారూ అని పలకరించేవాడు. కిటికీలోంచి చూసేవాళ్ళకి కనపడేది అదే.

అలాగని మంచం మీది మనిషి మా మీద పడ్డ శిక్షలా ఉండేవాడనుకోకండి. రేవులో చాలా ఏళ్ళు క్రేను నడిపాడట, అందుకని క్రేనాయన అని పిలుచుకునేవాళ్ళం. మాట ముద్దముద్దగా వచ్చేది గానీ నవ్వించకుండా ఉండేవాడు కాదు. తను కూర్చునే క్యాబిన్ మేడల కంటే ఎత్తనీ, అక్కడినుంచి చూస్తే మేనేజరూ కూలీ ఒకే సైజులో కనపడతారనీ చెప్పేవాడు. మందు మింగేదాకా వదలనని నన్ను ఇన్‌స్పెక్టరమ్మా అనేవాడు. అమ్మ చెయ్యి పడితే నొప్పి ఎటు పారిపోతుందో తెలియదనేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో అమ్మ చేతుల గురించి అలాంటి మాట ఎవరూ అనలేదు. అమ్మ ఆయనకి గడ్డం గీసేది, గోళ్ళు తీసేది, కారం తగ్గించి కూర వేరే వండేది.

భార్య ఊసెత్తితే మాత్రం ఆయన కళ్ళు నీళ్ళతో నిండేవి. ఒకరోజు షిఫ్టు ముగించుకుని ఇంటికెళ్ళేసరికి ఇల్లు ఖాళీగా ఉందట. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని, కిటికీ తెరలు కూడా విప్పుకుని వెళ్ళిపోయిందట. ఏం తక్కువ చేశానమ్మా అని అడిగేవాడు అమ్మని. అమ్మ కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, వంటింట్లోకొచ్చి ఆ ముఖం తెలియని ఆడదాన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. అది మనిషేనా అనేది. నేనూ వంత పాడేదాన్ని.

ఎండలు బాగా మండుతున్న రోజుల్లో నాన్నకి ఇంకో మంచిపని మొదలుపెట్టాలనిపించింది. విడిపోయిన సంసారాన్ని కలపాలి. రేవు యూనియన్ ఆఫీసులో వాకబు చేసి, ఆవిడ ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోందని కనుక్కున్నాడు. స్వయంగా వెళ్ళి బతిమాలాడు. మొదట రానంది. మళ్ళీ వెళితే, ఒక్కసారి చూసిపోతానంది. నాన్న ఆ సంగతి వీధంతా చెప్పాడు. ఆ ఆదివారం టైలరమ్మనీ, వీధి చివర ఉండే రిటైరైన మాస్టారినీ పెద్దమనుషులుగా కూర్చోబెట్టాడు.

నేను ఎవరో గయ్యాళిని ఊహించుకున్నాను. వచ్చినావిడ అమ్మ వయసుది, సన్నటి మనిషి. బట్టలు వెలిసిపోయాయి గానీ ఇస్త్రీ చేసి ఉన్నాయి. గుమ్మం బయట చెప్పులు విప్పి, నాన్న చూపించిన కుర్చీ అంచు మీద కూర్చుంది. మంచం వైపు చూసింది. ఆయనా చూశాడు. భోరుమంటాడని అందరం అనుకున్నాం.

"కుర్చీలో కూర్చున్నావే" అన్నాడు.

అన్నాళ్ళూ ముద్దగా వచ్చిన మాట అప్పుడు మాత్రం తేటగా వచ్చింది. గట్టిగా కూడా అనలేదు. ఆవిడ లేచి నిలబడింది. లేచాక, లేచానన్న సంగతి అప్పుడే తెలిసినట్టు తన కాళ్ళ వైపు చూసుకుంది.

నాన్న ముఖం విప్పారింది. ఎన్ని గొడవలున్నా భర్త మీద గౌరవం ఎక్కడికి పోతుందండీ అన్నాడు మాస్టారితో. మాస్టారు తలాడించాడు. అమ్మ మాత్రం ఆవిణ్ణే చూస్తోంది.

ఆ తర్వాత నాన్న చాలాసేపు మాట్లాడాడు. పొరపాట్లు అందరూ చేస్తారనీ, మంచాన పడ్డ మనిషి మీద పంతం ఏమిటనీ, ముక్కూ ముఖం తెలియని తామే ఇంత చేస్తుంటే కట్టుకున్న మనిషికి ఎంత బాధ్యత ఉండాలనీ అన్నాడు. ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. ఆవిడ నిలబడే విన్నది. టైలరమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. చివరికి కాసిని మంచినీళ్ళు కావాలంది. అమ్మ ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఖాళీ కప్పులు పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.

అమ్మ ఇచ్చిన గ్లాసుని ఆవిడ రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. కుడిచేతి వేళ్ళు వంగడం లేదు. అవి పక్కకి ఒరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయినట్టున్నాయి. అమ్మ అడక్కుండా ఉండలేకపోయింది, ఉతికే మిషన్లో పడిందా అని.

"కాదక్కా. తలుపు సందులో పెట్టించి తలుపు మూశాడు. కూర చల్లారిందని."

సరుకుల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ రోజు చిన్నపిల్లాడు చంకలో ఉన్నాడనీ, వాణ్ణి దించి రమ్మని చెప్పి, దించేదాకా ఆగి మరీ మూశాడనీ అంది.  ఆవిడ నీళ్ళు తాగి గ్లాసు తొలిచి బోర్లించింది. ఆయనకి పడిపోయింది ఏ చెయ్యి అని అడిగింది.

"కుడి చెయ్యి" అంది అమ్మ.

ఆవిడ తడి చేతులు తుడుచుకుంది.

"చూస్తే సంతోషంగా ఉంటుందేమోనని వచ్చానక్కా. లేదు. జాలి కూడా కలగలేదు. ఇంకా ఆ గొంతుకి లేచి నిలబడ్డాను, అదొక్కటే తెలిసింది. మీరు ఎంత శుభ్రంగా చూసుకుంటున్నారో చూశాను. మీరు మంచివాళ్ళు. నేను కాదనుకోండి, పర్వాలేదు. ఆయన్ని నేను తీసుకెళ్ళను."

అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ చటుక్కున పక్కకి తప్పుకుంది. వెంటనే నొచ్చుకుని, అమ్మ చెయ్యి తనే అందుకుని కొంచెంసేపు పట్టుకుంది. ముందుగదిలోంచి పోకుండా ఇంకో దారి ఉందా అని అడిగింది. నేను వెళ్ళి చెప్పులు తెచ్చిచ్చాను. పెరటి తలుపులోంచి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళిపోయిందనగానే ముందుగదిలో అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. కన్నపిల్లలకి ఏం నేర్పి ఉంటుందో అన్నాడు మాస్టారు. నాన్న తలపట్టుకుని కూర్చున్నాడు. క్రేనాయన మాట మళ్ళీ ముద్దయిపోయింది. చూశావా ఇన్‌స్పెక్టరమ్మా నా బతుకు, అంటూ ఏడ్చాడు. అలవాటు కొద్దీ నేను ఆయన కళ్ళు తుడిచాను.

మర్నాడు పొద్దున్న అమ్మ నీళ్ళు కాచింది గానీ గదిలోకి తీసుకెళ్ళలేదు. నాన్న ముందు పెట్టింది.

"ఇవాళ్టి నుంచి ఆయన్ని మీరు చూసుకోండి. వండుతాను, కంచంలో పెట్టిస్తాను. ఒంటి మీద చెయ్యి మాత్రం వెయ్యలేను."

ఎందుకని అడిగితే వంటింట్లో విన్నదంతా చెప్పింది.  నాన్న బాధపడ్డాడు, అది నేను చూశాను. తర్వాత తలెత్తి, తప్పు చేయనివాడికి సేవ ఎవరైనా చేస్తారు, చేసినవాడికి చేయడంలోనే మంచితనం ఉంది అన్నాడు.

"అయితే చెయ్యండి" అంది అమ్మ.

మొదటి రోజు నాన్న చొక్కా విప్పి, తలుపు బార్లా తీసి, అన్నీ తనే చేశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి దండం పెట్టారు. తర్వాత రోజు సగం చేశాడు. ఆపైన ఆసుపత్రిలో మనుషులు తక్కువగా ఉన్నారని రెండు డ్యూటీలు వేయించుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున తడిసిన గుడ్డ సాయంత్రం దాకా ఒంటి కిందే ఉండేది. వీపు మీద ఎర్రగా మచ్చ లేచింది. క్రేనాయన అమ్మని పిలిచేవాడు. అమ్మ వంటింట్లో గిన్నె తోముతూ, అదే గిన్నెని మళ్ళీ మళ్ళీ తోముతూ ఉండిపోయేది.  మార్కెట్‌కి అమ్మ వెళ్ళినప్పుడు నేను గుడ్డ మార్చేసేదాన్ని. తిరిగొచ్చాక అమ్మ తీగ మీది గుడ్డని చూసేది, నన్ను చూసేది, లోపలికి వెళ్ళిపోయేది.

మీ అమ్మకి నా మీద కోపం ఎందుకొచ్చిందని ఒకరోజు ఆయన నన్ను అడిగాడు. మీ భార్య వేళ్ళు ఎందుకు వంగవు అన్నాను. ఆయన అదెప్పటి మాటో అని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు మందు నేను చెప్పకుండానే మింగాడు.

ఈలోగా మాట వీధిలోకి పాకింది. మంచాన పడ్డ మనిషికి గుక్కెడు నీళ్ళు పట్టడం లేదని అమ్మ మీద చెప్పుకున్నారు. టైలరమ్మ మొహం మీదే అడిగేసింది, ఆయనంత మంచివాడికి నువ్వెలా దొరికావని. ఎవరైనా నాన్నని అడిగితే ఆయన అమ్మని ఒక్క మాట కూడా అనేవాడు కాదు. నిట్టూర్చేవాడు. అది చాలు. క్రేనాయన భార్య వేళ్ళ సంగతి చెబితే అమ్మ వాళ్ళ నోళ్ళు మూయించగలిగేది. అది ఆవిడ సొంత విషయం, నలుగురిలో పెట్టడానికి మనమెవరం అంది నాతో. నాన్న కూడా చెప్పలేదు. తను చేరదీసినవాడు అలాంటివాడని తెలిస్తే చేరదీయడం కాస్త మసకబారుతుంది కదా.

ఎండలు తగ్గి మబ్బులు పడుతుండగా, ఊరి చివర దిక్కులేనివాళ్ళ ఆశ్రమంలో చోటు దొరికిందని నాన్న ప్రకటించాడు. తన చొక్కా ఒకటి క్రేనాయనకి తొడిగి, తల దువ్వి, వీధివాళ్ళంతా సాగనంపుతుండగా ఆటో ఎక్కించాడు. మేం ఆ గదిని మూడుసార్లు కడిగాం. అమ్మ చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం పూట కాసేపు పడుకుంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు నాన్న క్యారియర్ మరిచిపోయి వెళితే నేను పట్టుకెళ్ళాను. లిఫ్టు దగ్గర జనం ఎక్కువగా ఉంటే వెనక వరండా వైపు నుంచి వెళ్దామని తిరిగాను. అక్కడ గోడవారన, జల్లు పడే చోట, నాన్న చొక్కాలో క్రేనాయన ఉన్నాడు. చొక్కా ముందుభాగం అట్టకట్టింది. ఆ భారీ మనిషి సగమయ్యాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు.

"మీ నాన్న మంచోడమ్మా. రోజూ వచ్చి పలకరిస్తాడు" అన్నాడు.

ఆశ్రమం మాట అడిగితే ఆయనకి అర్థం కాలేదు. ఆటో తిన్నగా ఇక్కడికే వచ్చిందట. నా చేతిలో క్యారియర్ వైపు చూశాడు. నేను కింద కూర్చుని మూత తీసి, ఎడమ బుగ్గలోకి ముద్దలు పెట్టాను. తినిపిస్తుండగా వరండా చివర లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల స్టూలు మీద నాన్న. మా ఇద్దర్నీ చూశాడు. ఎవరో ఎక్కబోతుంటే వాళ్ళ కోసం కూడా ఆగకుండా తలుపు మూసేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి తనే మొదలుపెట్టాడు. ఆశ్రమం వాళ్ళు చోటు ఉందని చెప్పి చివర్లో కాదన్నారట, మళ్ళీ ఇంటికి తెస్తే అమ్మకి కష్టమని అక్కడ ఉంచాడట. నా కళ్ళముందే ఉన్నాడు, నేను వదిలెయ్యలేదు అన్నాడు.  తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నాడు:

"బయట ఎవరితోనూ అనకు తల్లీ. జనానికి మంచి మీద నమ్మకం పోతుంది."

మర్నాడు అమ్మ ఉతికిన దుప్పటి ఒకటి మడిచి, చిన్న గిన్నెలో కూర పెట్టి నా చేతికిచ్చింది. కూరలో కారం తక్కువే వేసింది. తను మాత్రం రాలేదు. కొన్నాళ్ళు అలా తీసుకెళ్ళాను. ఒకరోజు వెళ్ళేసరికి ఆ చోటు కడిగేసి ఉంది. జ్వరం వచ్చి పోయాడని పక్కన పడుకున్న ముసలమ్మ చెప్పింది.

నాన్నే అన్నీ చూశాడు. శవాన్ని తీసుకోవడానికి తమ్ముణ్ణని సంతకం పెట్టాడు. వానలో తడుస్తూ ముందు నడిచాడు. మట్టి వేసేటప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు, అది నటన కాదు. వీధి మగాళ్ళందరూ వెంట వెళ్ళారు. ఆడవాళ్ళు మా గుమ్మంలో గుమిగూడి, కడచూపుకి కూడా రాని ఆ భార్యని దుమ్మెత్తిపోశారు. ఆవిడకి పురుగులు పడతాయంది టైలరమ్మ.

"ఆవిణ్ణి ఏమీ అనకండి" అంది అమ్మ.

ఆ ఒక్క మాటకి వాళ్ళంతా అమ్మని పైనుంచి కిందదాకా చూశారు. తర్వాత ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. టైలరమ్మ ఆ రోజు మానేసిన మాట మళ్ళీ కలపలేదు.

సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ముఖం అలసటగా ఉంది, కానీ తేలిగ్గా ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన తింటున్నంతసేపూ అమ్మ ఎదురుగా కూర్చుని ఆసుపత్రి కబుర్లు వినేది. అవతలివాళ్ళు నాన్నకి ఎలా దండం పెట్టారో మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. ఆ సాయంత్రం కంచం పెట్టి, కూరగిన్నె చేతికందేలా జరిపి, పెరట్లోకి వెళ్ళిపోయింది. వాన వెలిసింది, కాసేపు చల్లగాలికి నిలబడాలనుకుందేమో అన్నట్టు నాన్న ఎదురుచూశాడు. అమ్మ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ చోట కూర్చోలేదు.

నాన్న ఒక ముద్ద కలిపాడు. ఎంతమంది వచ్చారో, మాస్టారు తన చెయ్యి పట్టుకుని ఏమన్నాడో, నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.